అప్పు లేని పట్టా: దారులున్నాయి, తెలిసినవారే తక్కువ

ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ ముగిసి సీటు కేటాయింపు పత్రం చేతికి వచ్చిన రోజున మధ్యతరగతి ఇంట సంతోషంతో పాటు ఒక లెక్క కూడా మొదలవుతుంది. కళాశాల రుసుము ఎంత, హాస్టలుకు ఎంత, పుస్తకాలకు, ప్రయాణాలకు ఎంత అని కాగితం మీద కూడిక వేసుకున్న తండ్రి నోట మొదట వెలువడే ప్రశ్న ‘ఏ బ్యాంకు అప్పిస్తుంది?’ అన్నదే అవుతున్నది. ఆ ప్రశ్న చివరన రావలసినది. అంతకుముందు వేసుకోవలసిన ప్రశ్నలు మరి నాలుగైదు ఉన్నాయి. వాటికి సమాధానాలు వెదికిన కుటుంబాలలో కొన్నింటికి అప్పు అవసరమే ఉండదు. మరికొన్నింటికి అది సగానికి తగ్గుతుంది.

దేశంలో ఉన్నత విద్య చదువుతున్నవారి సంఖ్య 2021-22 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం 4 కోట్ల 33 లక్షలు. కళాశాలల్లో అత్యధిక భాగం ప్రైవేటు యాజమాన్యాల చేతుల్లో ఉన్నాయి. అందువల్ల చదువు ఖర్చు ప్రధానంగా కుటుంబం మీదనే పడుతున్నది. ఈ పరిస్థితి ఒక్కనాడు వచ్చినది కాదు.

భారం చేతులు మారిన తీరు

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత నాలుగు దశాబ్దాల పాటు విశ్వవిద్యాలయ విద్యకు అయ్యే వ్యయంలో సింహభాగాన్ని ప్రభుత్వాలే భరించాయి. పేద విద్యార్థుల కోసం కేంద్రం 1963లో జాతీయ రుణ ఉపకార వేతనాల పథకాన్ని ప్రారంభించింది. వడ్డీ లేకుండా ఇచ్చిన ఆ అప్పులు సరిగా వసూలు కాకపోవడంతో పథకం క్రమంగా నీరుగారిపోయింది.

1990 దశకంలో పరిస్థితి వేగంగా మారింది. ఆర్థిక సంస్కరణల నేపథ్యంలో ప్రభుత్వ వ్యయంపై కోత పడింది. విశ్వవిద్యాలయాల ఆర్థిక వనరులను పరిశీలించేందుకు యు.జి.సి. నియమించిన జస్టిస్ కె. పున్నయ్య కమిటీ 1993లో నివేదిక ఇచ్చింది. విశ్వవిద్యాలయాలు తమ నిర్వహణ వ్యయంలో ఐదేళ్ళలో 15 శాతాన్ని, పదేళ్ళలో 25 శాతాన్ని సొంతంగా సమకూర్చుకోవాలని ఆ కమిటీ సిఫార్సు చేసింది. రుసుముల పెంపు ఆ వనరుల్లో ఒకటి.

అదే కాలంలో ప్రైవేటు వృత్తి విద్యా కళాశాలల వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. 1992లో మోహినీ జైన్ కేసులో కాపిటేషన్ రుసుము చెల్లదని న్యాయస్థానం ప్రకటించింది. 1993 ఫిబ్రవరిలో ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం కేసులో రాజ్యాంగ ధర్మాసనం మరింత స్పష్టత ఇచ్చింది. 14 ఏళ్ళ వయసు వరకు విద్య ప్రాథమిక హక్కు అనీ, ఆ తరువాత ఆ హక్కు రాజ్యం ఆర్థిక శక్తికి లోబడి ఉంటుందనీ తీర్పు చెప్పింది. వృత్తి విద్యా కళాశాలల్లో సగం సీట్లు ప్రతిభ ప్రాతిపదికన ప్రభుత్వ రుసుముకు లభించే ‘ఉచిత సీట్లు’గా, మిగిలిన సగం ‘చెల్లింపు సీట్లు’గా విభజించింది. ఆనాడు కళాశాలల్లో చదివిన వారికి ఫ్రీ సీటు, పేమెంటు సీటు అన్న మాటలు నేటికీ గుర్తే.

ఆ ఏర్పాటు పదేళ్ళకన్న తక్కువ కాలమే నిలిచింది. 2002 అక్టోబరు 31న టి.ఎం.ఎ. పాయ్ ఫౌండేషన్ కేసులో 11 మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఉన్నికృష్ణన్ పథకాన్ని తోసిపుచ్చింది. చెల్లింపు సీటు విద్యార్థి ఉచిత సీటు విద్యార్థి ఖర్చును భరించడం న్యాయం కాదని భావించింది. లాభార్జనకు తావు లేదంటూనే సంస్థ విస్తరణకు అవసరమైన సముచిత మిగులును అనుమతించింది. నాటి నుంచి రుసుముల నిర్ణయం రాష్ట్రాల కమిటీల పరిశీలనకు, చదివే కుటుంబం జేబుకు సంబంధించిన వ్యవహారంగా మారింది.

ఖాళీ అయిన ఆ స్థానంలోకి బ్యాంకులు వచ్చాయి. 2001-02 కేంద్ర బడ్జెట్‌లో చేసిన ప్రకటనను అనుసరించి భారతీయ బ్యాంకుల సంఘం నమూనా విద్యా రుణ పథకాన్ని రూపొందించింది. 4 లక్షల రూపాయల వరకు హామీ గాని, విద్యార్థి వాటాగా చెల్లించే మార్జిన్ సొమ్ము గాని అక్కర లేదు. ఆపైన ఏడున్నర లక్షల వరకు మూడో వ్యక్తి పూచీ, దానికి మించితే ఆస్తి తనఖా అవసరమని ఆ పథకం చెప్పింది. చదువు ఆగిపోవలసిన ఎందరినో ఈ పథకం ఆదుకున్న మాట కాదనలేనిది. అయితే అవసరం లేని చోట కూడా అప్పు చేయడం అలవాటుగా మారింది.

పది లక్షలు ఇరవై ఒక్క లక్షలైన వైనం

నాలుగేళ్ళ కోర్సుకు 10 లక్షల రూపాయల రుణం, ఏడాదికి 10 శాతం వడ్డీ అనుకుందాం. ప్రతి ఏటా ఆరంభంలో బ్యాంకు రెండున్నర లక్షలు విడుదల చేస్తుంది. చదువుతున్న నాలుగేళ్ళు, ఆ తరువాత ఒక ఏడాది వాయిదాలు కట్టనక్కర లేదు. ఈ గడువునే మారటోరియం అంటున్నారు. అసలు ఆగుతుంది గాని వడ్డీ ఆగదు. ఈ కాలానికి బారువడ్డీయే వేసినా మొదటి విడత సొమ్ముపై ఐదేళ్ళ వడ్డీ, రెండో విడతపై నాలుగేళ్ళది, మూడో విడతపై మూడేళ్ళది, చివరి విడతపై రెండేళ్ళది కలిపి మూడున్నర లక్షలవుతుంది.

వాయిదాలు మొదలయ్యే నాటికి బాకీ 13 లక్షల 50 వేలు. దానిని పదేళ్ళలో తీర్చాలంటే నెలకు సుమారు 17,840 రూపాయలు కట్టాలి. పదేళ్ళు ముగిసేసరికి చెల్లించిన మొత్తం 21 లక్షల 40 వేలు దాటుతుంది. తీసుకున్నది 10 లక్షలు.

చదువు సాగుతుండగానే తల్లిదండ్రులు ఏటేటా ఆ బారువడ్డీని కట్టుకుంటూ పోతే నెల వాయిదా 13,215 రూపాయలకు తగ్గుతుంది. మొత్తం చెల్లింపు 19 లక్షల 36 వేల వద్ద ఆగుతుంది. అంటే రెండు లక్షల పైచిలుకు ఆదా. ఇలా వడ్డీ ముందుగా కట్టేవారికి పలు బ్యాంకులు వడ్డీ రేటులో ఒక శాతం వరకు రాయితీ కూడా ఇస్తున్నాయి.

ఈ లెక్కలో ఉద్యోగం వెంటనే వచ్చిందన్న ఊహ ఉన్నది. అది నిజం కాని పక్షంలో ఏం జరుగుతుందో కేరళ చూసింది. నర్సింగ్ వంటి కోర్సులకు అప్పు చేసి చదివి, తగిన జీతం రాక వాయిదాలు కట్టలేకపోయిన యువతకు సహాయంగా ఆ రాష్ట్ర ప్రభుత్వం 2017లో 900 కోట్ల రూపాయల పథకాన్ని ప్రకటించవలసి వచ్చింది. రుణం విద్యార్థి పేరిట ఉన్నా, సహరుణగ్రహీతగా సంతకం చేసినది తండ్రి లేక తల్లి. వాయిదా తప్పితే ఆ పేరు కూడా చెడుతుంది.

మొదటి దారి: సంస్థ ఎంపిక

ఖర్చు తగ్గించుకునే మార్గాలలో అన్నిటికన్న పెద్దది సంస్థను ఎంచుకోవడంలోనే ఉన్నది. ఐ.ఐ.టి.ల రుసుము సామాన్యులకు అందనిదన్న అభిప్రాయం ప్రబలంగా ఉన్నది. 2016లో బి.టెక్. వార్షిక బోధన రుసుమును 90 వేల రూపాయల నుంచి 2 లక్షలకు పెంచిన మాట వాస్తవం. ఆ నిర్ణయంతోనే మినహాయింపులు కూడా వచ్చాయి. షెడ్యూల్డ్ కులాలు, తెగలు, వికలాంగ విద్యార్థులకు బోధన రుసుము పూర్తిగా రద్దు. కుటుంబ వార్షికాదాయం లక్ష రూపాయల లోపు ఉన్న ఇతరులకూ పూర్తి మినహాయింపు లభిస్తుంది. లక్ష నుంచి 5 లక్షల మధ్య ఉన్నవారు మూడింట ఒక వంతు కడితే చాలు. హాస్టలు, భోజనం ఖర్చులు మాత్రం వేరు. పెద్ద రుసుము చూసి భయపడి వెనుకకు తగ్గే పేద కుటుంబం నిజానికి ఒక సాధారణ ప్రైవేటు కళాశాలలో అంతకన్న ఎక్కువ చెల్లించే అవకాశం ఉన్నది.

కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థ, ఐ.ఎస్.ఐ., బి.స్టాట్. విద్యార్థుల వద్ద బోధన రుసుము వసూలు చేయకపోగా నెలనెలా ఉపకార వేతనం ఇస్తున్నది. ప్రశాంత చంద్ర మహలనోబిస్ 1931లో స్థాపించిన ఆ సంస్థలో ప్రవేశానికి గణితంలో కఠినమైన పరీక్ష దాటవలసి ఉంటుంది. పుట్టపర్తిలోని శ్రీ సత్యసాయి ఉన్నత విద్యా సంస్థ కూడా బోధన రుసుము తీసుకోదు. పదో తరగతి మార్కులతోనే గ్రామీణ విద్యార్థులకు ఆరేళ్ళ సమగ్ర ఇంజనీరింగ్ విద్య అందించేందుకు 2008లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. నూజివీడు, ఇడుపులపాయ, బాసరలలో మొదలైన ఆ ప్రాంగణాలు తెలుగునాట ఎన్నో రైతు కుటుంబాలకు తెలిసినవే.

సేవ చేస్తానన్న ఒప్పందంతో చదువుకునే మార్గం మరొకటి. ఇది పాత సంప్రదాయమే. డాక్టర్ అంబేద్కర్ 1913లో కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్ళినప్పుడు బరోడా సంస్థానం ఇచ్చిన ఉపకార వేతనానికి ప్రతిగా ఆ సంస్థానంలో పనిచేస్తానని ఒప్పందం రాసి ఇచ్చారు. నేడు పుణెలోని సాయుధ దళాల వైద్య కళాశాలలో ఎం.బి.బి.ఎస్. చదివేవారికి బోధన రుసుము లేదు. చదువు పూర్తయ్యాక సైనిక వైద్యాధికారులుగా పనిచేయాలన్నది షరతు. మిలిటరీ నర్సింగ్ సర్వీసు కింద అమ్మాయిలు నర్సింగ్ పట్టా పొందే ఏర్పాటు కూడా ఇటువంటిదే. ఖడక్‌వాస్లాలోని జాతీయ రక్షణ అకాడమీలో శిక్షణ వ్యయాన్ని ప్రభుత్వమే భరిస్తున్నది. ఒప్పందం మధ్యలో వదులుకుంటే భారీ మొత్తం చెల్లించవలసి రావచ్చు. కాబట్టి సంతకం చేసే ముందు షరతులు పూర్తిగా చదువుకోవడం అవసరం.

రెండో దారి: అడగనిదే రాని ఉపకార వేతనాలు

కేంద్ర ప్రభుత్వం కళాశాల, విశ్వవిద్యాలయ విద్యార్థులకు ఇచ్చే ప్రతిభా ఉపకార వేతనాల పథకం కింద ఏటా 82 వేల వరకు కొత్త వేతనాలు మంజూరు చేసే వీలున్నది. ఇంటర్మీడియట్‌లో 80 పర్సంటైల్ దాటి, కుటుంబ వార్షికాదాయం నాలుగున్నర లక్షల లోపు ఉన్నవారు అర్హులు. డిగ్రీ స్థాయిలో ఏడాదికి 12 వేలు, పీజీలో 20 వేల రూపాయలు లభిస్తాయి. సగం బాలికలకు కేటాయించారు. ఏటా పునరుద్ధరణకు 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు తప్పనిసరి.

సాంకేతిక విద్య చదివే బాలికలకు ఏడాదికి 50 వేల రూపాయలిచ్చే ప్రగతి పథకాన్ని అఖిల భారత సాంకేతిక విద్యా మండలి నిర్వహిస్తున్నది. కుటుంబాదాయం 8 లక్షల లోపు ఉండాలి. ఒక కుటుంబంలో ఇద్దరు ఆడపిల్లల వరకు పొందవచ్చు. వికలాంగ విద్యార్థులకు ఇదే తరహాలో సక్షమ్ పథకం ఉన్నది. మౌలిక విజ్ఞాన శాస్త్రాలు చదివే ప్రతిభావంతులకు ఏడాదికి 80 వేల రూపాయల విలువైన ఇన్‌స్పైర్ వేతనాన్ని కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ ఇస్తున్నది. బోర్డు పరీక్షలో మొదటి ఒక శాతంలో నిలిచిన విద్యార్థి భౌతిక శాస్త్రమో, రసాయన శాస్త్రమో చదువుతానంటే ఇంట్లో అభ్యంతరం చెప్పే ముందు ఈ అంకెను గమనించాలి.

షెడ్యూల్డ్ కులాల విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ ఉపకార వేతనాల పథకం 1944 నాటిది. స్వాతంత్ర్యానికి ముందే ఆరంభమై నేటికీ కొనసాగుతున్నది. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం దీనిని పునర్వ్యవస్థీకరించి, కేంద్రం 60 శాతం, రాష్ట్రాలు 40 శాతం భరించేలా, 2025-26 వరకు 59,048 కోట్ల రూపాయల వ్యయంతో ఆమోదించింది. కేంద్రం వాటా నేరుగా విద్యార్థి బ్యాంకు ఖాతాలో జమ అయ్యే ఏర్పాటు అప్పుడే వచ్చింది.

ఇన్ని ఉన్నా దరఖాస్తు చేయకపోవడం వల్లనే అర్హులు నష్టపోతున్న సందర్భాలు తక్కువ కావు. ఆదాయ ధ్రువపత్రం గడువు తీరిపోవడం, బ్యాంకు ఖాతా ఆధార్‌తో అనుసంధానం కాకపోవడం, కళాశాల తన వంతు పరిశీలన పూర్తి చేయకపోవడం వంటి చిన్న కారణాలు పెద్ద మొత్తాలను పోగొడుతున్నాయి.

రీయింబర్స్‌మెంటు: మేలు, మెలిక

తెలుగు రాష్ట్రాల విద్యార్థులకు అప్పును తప్పించిన పథకాల్లో ప్రధానమైనది ఫీజు రీయింబర్స్‌మెంటు. 2008 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం దీనిని విస్తృతంగా అమలులోకి తెచ్చింది. కన్వీనరు కోటాలో సీటు వచ్చిన పేద విద్యార్థి రుసుమును ప్రభుత్వమే కళాశాలకు చెల్లించడం దీని సారాంశం. 2012లో రుసుములు పెరిగినప్పుడు పది వేల లోపు ర్యాంకు వచ్చినవారికి మినహా పలువురికి 35 వేల రూపాయల పరిమితి విధించారు. రుసుము అంతకు మించిన కళాశాలలో చేరితే ఆ తేడా కుటుంబమే కట్టుకోవాలి. యాజమాన్య కోటా సీటుకు ఈ పథకం వర్తించదు. ర్యాంకు పేరుతో గాక కళాశాల పేరుతో ఆకర్షితులై యాజమాన్య కోటాలో చేరే కుటుంబాలు ఈ ఒక్క నిర్ణయంతోనే అప్పు ఊబిలోకి దిగుతున్నాయి.

మెలిక బకాయిల్లో ఉన్నది. ప్రభుత్వం ఇవ్వవలసిన సొమ్ము ఏళ్ళ తరబడి నిలిచిపోవడం రెండు రాష్ట్రాలలోనూ, ఏ పార్టీ అధికారంలో ఉన్నా, పునరావృతమవుతూ వచ్చింది. 2025 నవంబరులో తెలంగాణలో ప్రైవేటు వృత్తి విద్యా కళాశాలలు బకాయిల కోసం బంద్ పాటించాయి. ప్రభుత్వ హామీ మేరకు కొద్ది రోజుల తరువాత విరమించాయి. ఆంధ్రప్రదేశ్‌లో విద్యా దీవెన పేరిట ఈ సొమ్మును తల్లుల ఖాతాలకు మళ్ళించారు. 2024లో ప్రభుత్వం మారాక తిరిగి కళాశాలలకే చెల్లించే పద్ధతికి మళ్ళారు. ఖాతా ఎవరిదైనా విడుదల ఆలస్యమైతే ఒత్తిడి విద్యార్థి మీదనే పడుతున్నది. ముందు మీరు కట్టండి, సర్కారు సొమ్ము వచ్చాక తిరిగి ఇస్తామన్న మాట విన్న కుటుంబం వడ్డీ వ్యాపారి గడప తొక్కుతున్నది. ప్రభుత్వ జాప్యం ఆ విధంగా ప్రైవేటు అప్పుగా రూపాంతరం చెందుతున్నది.

రుసుము బాకీ చూపి విద్యార్థి అసలు ధ్రువపత్రాలను అట్టిపెట్టుకోవడం మరో బాధ. ప్రవేశ సమయంలో పరిశీలన ముగిశాక అసలు ధ్రువపత్రాలను సంస్థలు తమ వద్ద ఉంచుకోరాదని యు.జి.సి. 2018 అక్టోబరులో విడుదల చేసిన నోటిఫికేషన్ స్పష్టం చేసింది. సీటు వదులుకున్నవారికి రుసుము ఎంత శాతం తిరిగి ఇవ్వాలో కూడా అందులోనే నిర్దేశించారు. ఈ నిబంధన సంగతి తెలియక మొదటి కళాశాలలో కట్టిన సొమ్మును వదులుకుని రెండో కళాశాలకు అప్పు చేసే తల్లిదండ్రులున్నారు.

మూడో దారి: సంపాదిస్తూ చదవడం

మహారాష్ట్రలో కర్మవీర్ భావురావ్ పాటిల్ 1919లో రయత్ శిక్షణ సంస్థను స్థాపించారు. రైతు బిడ్డలు శ్రమ చేసి, ఆ ప్రతిఫలంతో చదువుకోవాలన్నది ఆయన ఆశయం. 1947లో సతారాలో స్థాపించిన ఛత్రపతి శివాజీ కళాశాల ఈ ‘కమవా, శికా’ పద్ధతికి పేరు తెచ్చింది. పుణె విశ్వవిద్యాలయం నేటికీ ఆయన పేరిటనే ఇటువంటి పథకాన్ని నడుపుతున్నది. గ్రంథాలయంలో, కార్యాలయంలో, తోటలో రోజుకు కొన్ని గంటలు పనిచేసిన విద్యార్థికి గంటల లెక్కన సొమ్ము ఇస్తారు. రుసుము మొత్తం తీరకపోవచ్చు గాని భోజనం ఖర్చుకు ఇంటి వంక చూడనక్కర ఉండదు. మన విశ్వవిద్యాలయాలలో ఈ పద్ధతి ఇంకా విస్తరించవలసి ఉన్నది.

దూరవిద్య మరో అవకాశం. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులోనే ఏర్పడింది. అదే నేటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. మూడేళ్ళ తరువాత ఢిల్లీలో ఇందిరా గాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం వచ్చింది. ఉద్యోగం చేసుకుంటూ, ఇంటి వద్దనే ఉండి, తక్కువ రుసుముతో బి.ఎ., బి.కాం. వంటి పట్టాలు పొందవచ్చు. ఇంజనీరింగ్, వైద్యం దూరవిద్యలో చదివేందుకు అనుమతి లేదు. అటువంటి పట్టా ఇస్తామన్న ప్రకటనలను నమ్మరాదు. మద్రాసు ఐ.ఐ.టి. 2020లో డేటా సైన్సులో ఆన్‌లైన్ డిగ్రీ ప్రారంభించి, ఆదాయాన్ని, వర్గాన్ని బట్టి 75 శాతం వరకు రుసుము రాయితీ ఇస్తున్నది.

పొరుగు రాష్ట్రం, పొరుగు దేశం

తమిళనాడు ఈ సమస్యను మరో వైపు నుంచి పట్టుకున్నది. కుటుంబంలో మొదటి పట్టభద్రుడు కాబోయే విద్యార్థికి వృత్తి విద్యలో బోధన రుసుము రాయితీని ఆ రాష్ట్రం 2010-11 నుంచి ఇస్తున్నది. ప్రభుత్వ పాఠశాలల్లో చదివినవారికి 2020లో వైద్య సీట్లలో 7.5 శాతం ప్రత్యేక కేటాయింపు చేసి, రుసుమును కూడా ప్రభుత్వమే చెల్లించే ఏర్పాటు చేసింది. 2022 సెప్టెంబరు నుంచి ప్రభుత్వ పాఠశాలల్లో చదివి కళాశాలలో చేరిన బాలికలకు నెలకు వెయ్యి రూపాయలు ఇస్తున్నది. మొత్తం చిన్నదే. బస్సు చార్జీకి, పుస్తకానికి లేక చదువు ఆపేసే అమ్మాయి విషయంలో మాత్రం అది చిన్నది కాదు.

శ్రీలంకలో విద్యామంత్రి సి.డబ్ల్యు.డబ్ల్యు. కన్నంగర కృషితో 1945 నుంచి బాలల తరగతి మొదలు విశ్వవిద్యాలయం వరకు ఉచిత విద్య అమలులోకి వచ్చింది. ఆ దేశం ఎన్ని సంక్షోభాలు చూసినా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో బోధన ఉచితంగానే కొనసాగుతున్నది. 1980 దశకం ఆరంభంలో నాటి వాణిజ్య మంత్రి లలిత్ అతులత్‌ముదలి నెలకొల్పిన మహాపొల నిధి లాటరీల రాబడిని కూడా జోడించుకుని విద్యార్థులకు వేతనాలు ఇస్తున్నది. సీట్లు పరిమితం కావడం అక్కడి లోపం. అర్హత సాధించినవారిలో కొద్దిభాగానికే చోటు దొరుకుతుంది. మిగిలినవారు ప్రైవేటు సంస్థలకో, విదేశాలకో వెళ్ళక తప్పడం లేదు. వారి కోసం ఆ దేశం 2017లో వడ్డీ లేని విద్యా రుణాలు ప్రవేశపెట్టవలసి వచ్చింది. ఉచితం ఉన్నంత మాత్రాన అప్పు మాయం కాదనీ, సీట్లు కూడా చాలినన్ని ఉండాలనీ శ్రీలంక అనుభవం తెలుపుతున్నది.

ముందుచూపు ఫలితం

బిడ్డ పసితనంలోనే పొదుపు ఆరంభించిన కుటుంబానికి ఈ గొడవలు చాలావరకు తప్పుతాయి. నెలకు 2 వేల రూపాయల చొప్పున పదిహేనేళ్ళు, సాలీనా 7 శాతం వడ్డీ వచ్చే పొదుపులో వేస్తే కట్టినది 3 లక్షల 60 వేలు కాగా చేతికి వచ్చేది సుమారు 6 లక్షల 30 వేలు. ఆడపిల్లల కోసం 2015 జనవరిలో ప్రారంభించిన సుకన్య సమృద్ధి ఖాతాను బిడ్డకు పదేళ్ళు నిండకముందు తెరవవచ్చు. 18 ఏళ్ళు నిండాక గాని, పదో తరగతి పూర్తయ్యాక గాని పై చదువుల కోసం సగం వరకు తీసుకునే వీలున్నది. చదువు కోసం దాచిన ఈ సొమ్మును మధ్యలో పెళ్ళి ముచ్చట్లకో, ఇంటి మరమ్మతుకో కదపకుండా ఉండటమే కష్టమైన పని.

తప్పని అప్పు చేసేవారికి

ఇవన్నీ చూసిన తరువాత కూడా లోటు మిగిలితే అప్పు చేయడం నేరం కాదు. జె.ఎన్. టాటా 1892లోనే విదేశీ విద్యకు రుణ వేతనాల నిధిని నెలకొల్పారు. ఇటువంటి ఆసరాతో పైకి వచ్చినవారు ఎందరో. అప్పు ఎంత, ఎవరి వద్ద అన్నదే ప్రశ్న.

ముందుగా ప్రభుత్వ పథకాలు చూసుకోవాలి. 2024 నవంబరు 6న కేంద్ర మంత్రివర్గం పి.ఎం. విద్యాలక్ష్మి పథకాన్ని ఆమోదించింది. దేశంలోని నాణ్యమైన సంస్థల్లో ప్రవేశం పొందినవారికి హామీ, పూచీ లేకుండా రుణం ఇవ్వడం దీని ఉద్దేశం. కుటుంబాదాయం 8 లక్షల లోపు ఉండి, ఇతర ప్రభుత్వ ఉపకార వేతనాలు, వడ్డీ రాయితీలు పొందనివారికి 10 లక్షల వరకు రుణంపై మారటోరియం కాలానికి 3 శాతం వడ్డీ రాయితీ లభిస్తుంది. ఏటా లక్ష మందికి ఇవ్వాలన్నది లక్ష్యం. సాంకేతిక, వృత్తి విద్య చదివేవారిలో ఆదాయం నాలుగున్నర లక్షల లోపు ఉన్నవారికి ఆ కాలపు వడ్డీ మొత్తాన్ని ప్రభుత్వమే భరించే పథకం 2009 నుంచి ఉన్నది. ఇంతకుముందు వేసిన లెక్కలోని మూడున్నర లక్షల వడ్డీ, పథకం నిబంధనలకు లోబడిన రుణమైతే, అటువంటి కుటుంబం మీద పడదు.

ప్రైవేటు ఫైనాన్సు సంస్థల వద్దకు వెళ్ళే ముందు వడ్డీ రేటు మారుతుందా, ప్రాసెసింగ్ రుసుము ఎంత, ముందుగా తీర్చితే జరిమానా ఉన్నదా అన్న మూడు విషయాలు రాతపూర్వకంగా తెలుసుకోవాలి. సీటు వచ్చిన కోర్సులో నిరుడు చదువు ముగించినవారికి వాస్తవంగా వచ్చిన జీతం ఎంతో సీనియర్లనే అడిగి తెలుసుకోవడం ప్రకటనల పుస్తకం చదవడం కన్న మేలు. నెల వాయిదా ఆ జీతంలో మూడో వంతు దాటేట్లయితే ఆ కళాశాల గురించి పునరాలోచించాలి. ఉన్న ఇల్లో, పొలమో తనఖా పెట్టవలసి వస్తే ఆ నిర్ణయం ఇంటిల్లిపాదీ కూర్చుని తీసుకోవలసినది. చదువుకునే పిల్లవాడికి కూడా ఆ లెక్క తెలిసి ఉండాలి.

ప్రభుత్వాల వంతు పని కూడా ఉన్నది. కొత్త పథకాలు ప్రకటించడం కన్న ఉన్న పథకాల సొమ్మును విద్యా సంవత్సరం ముగిసేలోగా విడుదల చేయడం ఎక్కువ కుటుంబాలను అప్పు నుంచి కాపాడుతుంది. ఆ జాప్యానికి వడ్డీ కడుతున్నది ఖజానా కాదు, విద్యార్థి తండ్రి.

వచ్చే వేసవిలో ఇంటర్మీడియట్ పరీక్ష రాయబోయే బిడ్డలున్న ఇళ్ళలో ఇప్పుడే చేయదగిన పనులు కొన్ని ఉన్నాయి. ఆదాయ, కుల ధ్రువపత్రాలను సరిచూసుకోవడం, విద్యార్థి పేరిట ఖాతా తెరిచి ఆధార్‌తో జతపరచడం, జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో, రాష్ట్ర ప్రభుత్వ వెబ్‌సైట్‌లో గడువు తేదీలను రాసి పెట్టుకోవడం వాటిలో ముఖ్యమైనవి. పరీక్షా ఫలితాలు వచ్చిన తరువాత వీటికి సమయం చిక్కదు.